చలికాలం తెరచిన బాటలు

మంచులో చిక్కుకున్న యాత్రికుడు అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేవాడు ప్రవరాఖ్యుడు. పదహారవ శతాబ్దంలో అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో ఈ అరుణాస్పదపుర వాసి, ఒక సిద్ధుడు ఇచ్చిన పసరును పాదాలకు పూసుకొని క్షణంలో హిమాలయం చేరినాడు. తీరా అక్కడ మంచునీటికి ఆ పసరు కరిగిపోయినది. ఇంటికి మరలివచ్చే దారి లేకపోయినది. పెద్దన మనసులో ఉన్నది వేరొక కథ అయినప్పటికీ, సన్నాహం లేకుండా మంచుదేశానికి పోయినవాని పాట్లు కూడ అందులో ఉన్నవి.

జనగామలో గాని, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాదులో గాని, భూపాలపల్లి అడవులలో గాని అటువంటి మంచు కురియదు. మన భాషలో మంచు అన్న మాట ఒక్కటే. గడ్డి మీది బొట్టుకూ, చెరువు మీది తెరకూ, హిమాలయం మీది గడ్డకూ దానినే వాడుకుంటాము. మొదటి రెండింటినే చూచి పెరిగిన ఈ ప్రాంతపు పిల్లలు నేడు అమెరికా, కెనడా దేశాలకు పోయి, వాకిలి ముందర పేరుకున్న మూడవ దానిని పారలతో ఎత్తిపోస్తూ, ఆ దృశ్యాన్ని ఫోనులో ఇంటివారికి చూపుతున్నారు. అక్కడ బాటల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారని విని ముసలమ్మలు ముక్కున వేలు వేసుకుంటారు. ఉప్పు ఎంత దూరం నుండి, ఎంత కష్టం మీద ఈ సీమకు వచ్చేదో వారి పెద్దలు వారికి చెప్పి ఉంటారు. ఆ సంగతికి తరువాత వస్తాను.

మంచుదేశాలకూ మనకూ ఒక పెద్ద భేదం ఉన్నది. అక్కడ చలికాలం బాటలను మూసివేస్తుంది. ఇక్కడ తెరుస్తుంది. మన సీమలో ప్రయాణాన్ని ఆపేది వాన. రోడ్లు పడని రోజులలో ఆషాఢం మొదలుకొని దసరా వరకు నల్లరేగడిలో బండిచక్రం ఇరుసు దాక దిగబడేది. వాగులు పొంగి ఊరికీ ఊరికీ రాకపోకలు తెగిపోయేవి. దీపావళి వెళ్ళిన తరువాత వాగులు తగ్గి, బురద గట్టిపడి, గడ్డి ఏపుగా ఉన్న కాలంలో బండ్లు కదిలేవి. సరుకు, పెండ్లివారు, యాత్రికులు అందరూ బాట పట్టేది అప్పుడే. ఈ ప్రాంతపు జాతరల వరుస చూడండి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, కొమురవెల్లి మల్లన్న, మాఘపున్నమికి మేడారం, శివరాత్రికి కురవి వీరభద్రుడు, కాళేశ్వరంలో ముక్తీశ్వరుడు. చలి మొదలైనది మొదలు, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయే దాకా జనం బాటల మీదనే ఉండేవారు. ఆ బాట చలికాలమంతా ఒక సుంకం వసూలు చేసేది. అది రాత్రి. పగలంతా హాయిగా నడచినవాడు రాత్రి ఆరుబయట పడుకోవాలి. ఆ రాత్రిని ఎవరు ఎట్లా దాటినారు అన్నదే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది.

ముందు ఆ చలి స్వభావం గురించి ఒక మాట. వానలు వెనుదిరిగిన తరువాత ఆకాశం నిర్మలమవుతుంది. పగలు నేల గ్రహించిన వేడిని రాత్రి ఆకాశంలోకి వదులుతుంది. మబ్బు లేదు గనుక ఆ వేడిని ఆపేది లేదు. గాలి కదలని రాత్రులలో నేలను అంటిన గాలి చల్లబడి, అందులోని తేమ సన్నని బొట్లుగా మారి పొగమంచు అవుతుంది. చల్లగాలి బరువైనది కనుక పల్లానికి జారుతుంది. అందుచేతనే గుట్ట మీద కంటె చెరువు కింద చలి ఎక్కువ. కాకతీయుల నాడు ఊరూరా చెరువులు తవ్వించిన సీమ ఇది. పాకాల, రామప్ప, ఘనపురం వంటి పెద్ద చెరువుల కింద తడిపొలాల మీద మంచు తెర దిగితే సూర్యుడు బాగా పైకి వచ్చేవరకు తొలగదు. అడవులు దట్టంగా ఉన్న భూపాలపల్లి వైపు డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణమానం ఒక్కొక్కప్పుడు 10 డిగ్రీలకు దిగువకు పోతుంది. దీనిని ఇక్కడి జనం ఇగం అంటారు. ఆ మాటలో ఎముకలోకి దిగే గుణం ఏదో ఉన్నది. చలి అన్న మాటకు అది లేదు.

ఇక ఉప్పు సంగతి. రైలు రాకపూర్వం సముద్రతీరపు ఉప్పును లోనాడుకూ, లోనాటి ధాన్యాన్ని తీరానికీ చేర్చినవారిలో ముఖ్యులు బంజారాలు. మనం లంబాడీలని పిలిచేవారు. పదిహేడవ శతాబ్దంలో మొగలు సైన్యాలకు ధాన్యం మోసుకొని వారిలో పెక్కు బృందాలు దక్కనుకు దిగినవి. వారికి బండ్లు లేవు. ఎద్దుల వీపు మీద గోనెలు వేసి నడిపేవారు. పీటర్ మండీ అనే ఆంగ్ల వర్తకుడు 1632లో ఆగ్రా నుండి పాట్నా పోయే దారిలో పద్నాలుగు వేల ఎద్దులున్న ఒక తండాను చూచి, వారు రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడవరనీ, అదీ చల్లని వేళలోనే అనీ వ్రాసుకున్నాడు. ఎండ ఎద్దుకు శత్రువు. చలి ఆ వర్తకానికి నేస్తం. ఆలుబిడ్డలతో, కోళ్ళతో, కుక్కలతో ఒక ఊరే నడుస్తున్నట్లు సాగే ఆ తండాకు రాత్రి మజిలీలో నిప్పూ, పశువుల వెచ్చని ఊపిరీ, బరువు దించిన గోనెలూ ఆసరా. ఆ ఎద్దుల దారులను రైలు మూయించినది. మహబూబాబాదు జిల్లాలో నేడు జనాభాలో మూడవ వంతుకు మించి గిరిజనులు. వారిలో అధికులు లంబాడీలు. నడక మానిన తరువాత కూడ వారు తమ నివాసాన్ని తండా అనే పిలుచుకుంటున్నారు.

బంజారా తన ఎద్దు వెంట తాను నడచినాడు. తనది కాని ప్రయాణంలో, తనది కాని పల్లకి వెంట నడచినవారి సంగతి వేరు. నిజాం పాలనలో దేశముఖులు, జాగీర్దారులు కదిలినప్పుడు బోయీలు పల్లకి మోయవలసినది. వెట్టివారు బండికి ముందూ వెనుకా పరుగెత్తవలసినది. రాత్రి అయితే దివిటీలు పట్టవలసినది. పల్లకిలో శాలువలు కప్పుకున్నవారికి చలి తెలియదు. పరుగెత్తేవానికీ చెమట వలన తెలియదు. దొర గమ్యం చేరిన తరువాత గడీ గోడ వెలుపల కూర్చున్నప్పుడు, ఆ చెమట ఒంటి మీదనే చల్లారేటప్పుడు తెలుస్తుంది. సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట విన్నవారికి అందులోని పసుల కాపరి బాలుడు తలమీద కప్పుకున్నది చినిగిన గోనెసంచి అని గుర్తుండే ఉంటుంది. ఊరంతా మేకా గొర్రే ఉన్న సీమలో జీతగానికి గొంగడి లేకపోవడం యాదృచ్ఛికం కాదు.

ఆ గొంగడి సంగతి కొంత తీరికగా చెప్పుకోవలసి ఉన్నది.

దక్కనీ గొర్రె నల్లనిది, ముతక ఉన్ని గలది. మన మెట్టల మీది గరుకు గడ్డినీ, దూరపు నడకలనూ తట్టుకోగలది. ఏటికి రెండుమారులు దాని ఉన్నిని కత్తిరిస్తారు. ఆ ఉన్నిని ఏకి, దారం తీసే పని ఆడవారిది. నేసే పని మగవారిది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. దానితో దారం బిగుసుకొని తెగకుండ నిలుస్తుంది. కొత్త గొంగడి చేతికి తాటియాకు వలె గరుకుగా తగులుతుంది; వాడిన కొద్దీ మెత్తబడుతుంది. రంగు వేయనక్కరలేదు, గొర్రె రంగే దాని రంగు. ఉన్నిదారం తడిసినప్పుడు ఉబ్బి సందులు మూసుకుంటుంది కనుక మామూలు జల్లు లోపలికి దిగదు. ఉన్నిలో మరొక గుణం ఉన్నది. తడిసినా అది కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. నూలుబట్టకు ఆ గుణం లేదు. అందువలన వానలో దానిని మడచి కొప్పెర పెట్టుకుంటే గొడుగు, చలిలో కప్పుకుంటే రగ్గు, పరచుకుంటే చాప, నాలుగు కర్రలకు కట్టుకుంటే నీడ, పిల్లి పెట్టిన గొర్రె పిల్లను మోసుకురావాలంటే జోలె. గొంగడి వాసనకు పాము, తేలు దగ్గరకు రావని కాపరుల నమ్మకం. ఒక్క గుడ్డతో ఇన్ని పనులు చేయించుకున్నవారిని మనం అనాగరికులని చాలాకాలం అనుకున్నాము.

ఈ పని కురుమలది. వారి దైవం బీరప్ప. ఆయన కథను ఒగ్గు డోలు మీద చెప్పేవారిలో పెద్ద పేరు పొంది 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్యది జనగామ ప్రాంతమే. పూజలో గొంగడి పరచనిదే వారికి కార్యం మొదలు కాదు. అదే కులంలో పుట్టినవాడు దొడ్డి కొమరయ్య. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో, విసునూరు దేశముఖు మనుషులు ఊరేగింపు మీద జరిపిన కాల్పులలో ఆయన మరణించినాడు. తెలంగాణ రైతాంగ పోరాటం సాయుధరూపం దాల్చడానికి ఆ కాల్పులే నాంది అని చరిత్రకారులు చెబుతారు. జనగామ మెట్టలలో మొదలైన ఆ పోరాటం 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చిన తరువాత గోదావరి అడవులకు తరలిపోయి, 1951లో విరమింపబడేవరకు అక్కడనే తలదాచుకున్నది. అడవిలో దాగినవాడు నెగడు వేయలేడు. పొగ పగలు పట్టిస్తుంది, మంట రాత్రి పట్టిస్తుంది. నిప్పు లేని చలిరాత్రికి ఉన్నికంబళి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఆనాటి గెరిల్లా బొమ్మ గీయబోయిన చిత్రకారుడు భుజాన తుపాకితో పాటు గొంగడిని కూడ వేస్తాడు. అది అలంకారం కోసం కాదు.

రైలు వేరొక రకమైన మార్పు తెచ్చినది. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు చేరిన నిజాం ప్రభుత్వపు రైలు, జనగామ, కాజీపేట, మహబూబాబాదు, డోర్నకల్లు మీదుగా 1889 నాటికి బెజవాడకు చేరినది. బండి రోజుకు పదిహేను, ఇరవై మైళ్ళు నడిచే రోజులలో జనగామ నుండి హైదరాబాదుకు పోవాలంటే దారిలో రెండు మూడు రాత్రులు గడపవలసినది. రైలులో అది కొన్ని గంటల పని అయినది. దారిలో రాత్రులే లేకపోతే చలి సుంకమూ లేదు. ఇల్లెందు గనుల బొగ్గు ఆ ఇంజన్లకు ఆహారమైనది. రైలుకట్ట వెంట రాలిన బొగ్గును ఏరుకొని కుంపట్లు వెలిగించుకున్న పేద ఇండ్లు ఎన్నో. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గుకుంపటి పెట్టుకొని నిద్రించరాదు. రంగు, వాసన లేని విషవాయువు అందులోనుండి పుడుతుంది. నిద్రలో ఉన్నవారికి అది తెలియనే తెలియదు. నెగడును మన పెద్దలు వాకిట్లో వేసినది ఊసుపోక కాదు.

రైలుకు చలి లెక్క లేదు గాని పొగమంచు లెక్క ఉన్నది. సిగ్నలు కనబడకపోతే డ్రైవరు ఏమి చేయాలి? 1841లో ఇంగ్లండులో కౌపర్ అనే ఇంజనీరు దీనికి ఒక ఉపాయం కనిపెట్టినాడు. టపాకాయ వంటి చిన్న డబ్బీని పట్టా మీద బిగిస్తే, ఇంజను చక్రం దానిని నలిపినప్పుడు పెద్దగా పేలుతుంది. కంటికి అందని సిగ్నలు చెవికి అందుతుంది. మన రైల్వేలలో దట్టమైన మంచు పడినప్పుడు సిగ్నలుకు 270 మీటర్ల ముందుగానే ఇటువంటి డబ్బీలను రెండింటిని బిగించే నియమం ఉన్నది. ఉత్తరదేశంలో దాని అవసరం ఎక్కువ. మన వైపు అరుదు. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో రాబోయే సిగ్నలును ముందుగానే తెలిపే యంత్రాలను ఇంజన్లలో అమర్చుతున్నారు. అయినా ఆ డబ్బీని బిగించడానికి తెల్లవారుజామున పట్టాల మీద ఒక మనిషి నిలబడవలసిందే. అతని ఒంటి మీద ఏమున్నదన్న ప్రశ్న యంత్రంతో తీరదు.

భూపాలపల్లి వైపు రైలు పోలేదు. అందుచేత పాత ప్రయాణం అక్కడ చాలాకాలం నిలిచినది. దానికి మేడారం జాతర సాక్ష్యం. మేడారం నేడు ములుగు జిల్లాలో ఉన్నది. 2016 అక్టోబరు నుండి 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండేది, దానికి ముందు వరంగల్లులో. కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యంతో పోరాడి ఒరిగిన కోయ వీరవనితలుగా సమ్మక్క, సారలమ్మలను కొలిచే ఈ జాతర రెండేండ్లకొకమారు మాఘశుద్ధ పౌర్ణమి వేళ జరుగుతుంది. చాంద్రమానం కనుక తేదీ జరుగుతూ ఉంటుంది; 2018లో జనవరి 31న మొదలైనది, 2024లో ఫిబ్రవరి 21న. ఆ మూడు వారాల భేదం క్యాలెండరులో చిన్నది. చెట్టు కింద పడుకున్నవానికి పెద్దది.

బస్సులు లేని రోజులలో జనగామ వైపు నుండి బయలుదేరిన గూడుబండి అక్కడికి చేరడానికి ఇంచుమించు వారం పట్టేది. బండి అడుగున వరిగడ్డి మందంగా పరచి, దాని మీద గొంగడి వేసేవారు. ముసలివారు, పసిపిల్లలు లోపల, తక్కినవారు నడక. ఇరుసు కింద కందిలి వ్రేలాడుతూ ఉండేది. తెల్లవారుజామున మంచులో ముందరి బండి కనబడదు, దాని కందిలి మాత్రమే కనబడుతుంది. వెనుక బండివాడు ఆ వెలుగును పట్టుకొని తోలేవాడు. రాత్రి మజిలీలో బండ్లను గుండ్రంగా నిలిపి, నడుమ నెగడు వేసి, ఎద్దుల వీపున గోనెపట్టాలు కప్పేవారు. ఎద్దు జబ్బుపడితే ప్రయాణమే లేదు గనుక మొదటి కప్పు దానికే. తినడానికి దారిలో చెడనివి: సకినాలు, జొన్నరొట్టె, నువ్వులముద్దలు. నువ్వు ఒంటికి వేడి చేస్తుందని మన నమ్మకం; సంక్రాంతి పిండివంటలో నువ్వు పడకుండ ఏ ఇల్లూ ఉండదు. ఇంతచేసి అడవి చేరిన తరువాత జంపన్నవాగులో తెల్లవారకముందే మునిగేవారు. వణుకుతూ మునిగినవారెవరూ ఆ వణుకును కష్టంగా చెప్పగా నేను వినలేదు. వారు చెప్పేదంతా దారి గురించే.

భూపాలపల్లిలో నేడు చలిని తలక్రిందులు చేసిన మరొక జీవనం ఉన్నది. భూగర్భంలో బొగ్గు తవ్వే సింగరేణి కార్మికునికి గని లోపల ఉక్కపోత, ఏ ఋతువైనా ఒకటే. రాత్రిపాళి ముగించి తెల్లవారుజామున చెమటచొక్కాతో పైకి వచ్చినవానికి ఇగం ఒక్కమారుగా తగులుతుంది. పల్లకి దించిన బోయీ స్థితి ఇట్టిదే గదా అనిపిస్తుంది. అయితే ఇతనికి జీతమున్నది, సంఘమున్నది, ఇంటికి పోయే బండి ఉన్నది.

గొంగడి ఏమైనదని అడిగేవారికి జవాబు గొర్రెలోనే ఉన్నది. కొన్ని దశాబ్దాలుగా ఉన్ని కంటె మాంసానికి గిరాకి పెరిగి, కాపరులు నెల్లూరు జాతి గొర్రెల వైపు మొగ్గినారు. అవి పొడవైనవి, త్వరగా తూగుతాయి, అమ్మితే మంచి ధర పలుకుతాయి. కాని వాటి ఒంటి మీద ఉండేది వెంట్రుక, ఉన్ని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు గొర్రెలను సబ్సిడీపై పంచినప్పుడు మందలు పెరిగినవి. ఆ మందలలో కత్తెర పట్టవలసినవి తక్కువ. ఉన్ని లేకపోతే ఏకేవారు, వడికేవారు, నేసేవారు ఒకరి వెనుక ఒకరు పని మానుకుంటారు. గొంగడి మగ్గం తెలిసినవారిలో నేడు యువకులు అరుదు. గొర్రెను పెంచేవాని లెక్కను తప్పుపట్టలేము; పిల్లల ఫీజు ఉన్నితో తీరదు. అయినా ఇన్ని వందల ఏండ్లు ఈ నేలకు తగినట్లు తీరిన గొర్రెను, దాని వెంట ఉన్న నేర్పును ఒక్క తరంలో వదులుకోవడం లాభమని నేను ఒప్పుకోలేను.

వరికోతలు ముగిసిన పుష్యమాసంలో జనగామ, మానుకోటల మధ్య పొలాలలో ఇప్పటికీ రైతులు ఎరువు కోసం మందలను రాత్రిపూట నిలుపుకుంటారు. కాపరులు మందకు కాపుగా అక్కడనే పడుకుంటారు. వారి నెగడులో కందికట్టె, తుమ్మమొద్దు ఎప్పటివలెనే మండుతున్నవి. పడుచు కాపరి అంగడిలో కొన్న పూలపూల రగ్గు కప్పుకొని నిప్పుకు దూరంగా జరిగి కూర్చుంటాడు. ఆ రకపు రగ్గుకు రవ్వ పడితే కరిగి చిల్లు పడుతుంది. ముసలి కాపరి నల్లగొంగడితో నెగడు అంచునే పడుకుంటాడు. ఉన్ని త్వరగా అంటుకోదు. తెల్లవారేసరికి రెండింటి మీదా మంచు పడుతుంది. ముసలివాడు లేచి గొంగడిని రెండుమార్లు విదిలించి, ఆ బొట్లు రాలిన తరువాత భుజాన వేసుకుంటాడు.